ఖిల్లా గోడ పద్యం కొత్త గొంతులను అడుగుతోంది

కవి దాశరథి కృష్ణమాచార్య పుట్టి నూరేళ్లు దాటాయి. 2025 జులై 22న శతజయంతి జరుపుకున్నాం. వేదికల మీద ఆయన పద్యాలు చదివారు, ఫొటోకు దండలు వేశారు, వక్తలు గంటల తరబడి మాట్లాడారు. కవికి ఈ మర్యాదలన్నీ జరగాల్సిందే. కానీ సినిమా పాటలు రాసి ఇంటింటికీ చేరిన మనిషికి మాటలతో చేసే నివాళి సగమే. మిగతా సగం పాడి తీర్చుకోవాలి. ఆయన పాటలను ఈ కాలపు గాయకులు తమవిగా చేసుకుని పాడగా, వాటిని ఒక్కచోట చేర్చి శ్రద్ధగా రికార్డు చేసిన ఆల్బం రావాలి. ఆ పని నిజామాబాద్‌లో మొదలవ్వాలి.

నిజామాబాదే ఎందుకు? ఆయన పుట్టింది మానుకోట దగ్గరి చిన గూడూరులో. బాల్యం, చదువు ఖమ్మం వైపు. డిగ్రీ ఉస్మానియాలో. ఉద్యోగం రేడియోలో, పాటలు మద్రాసులో. ఇందూరుతో, అంటే నిజామాబాద్‌తో, ఆయనకున్నది జైలు బంధం. నిజాం పాలన మీద తిరగబడినందుకు పట్టుకుని మొదట వరంగల్ జైల్లో వేశారు, అక్కణ్నుంచి నిజామాబాద్ ఖిల్లా జైలుకు మార్చారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. అదే జైల్లో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. ఊరూరా పుస్తకాలు మోసుకెళ్లి అమ్మిన దేశోద్ధారక గ్రంథమాల ఆళ్వారుస్వామి, తర్వాత ‘ప్రజల మనిషి’ నవల రాసిన ఆళ్వారుస్వామి. ఒకరు కవి, ఇంకొకరు కవిని కంటికి రెప్పలా చూసుకునే పెద్దన్న.

పళ్లు తోముకోవడానికి ఇచ్చే బొగ్గుతో దాశరథి ఆ జైలు గోడ మీద పద్యం రాశారు. నిజామును నిలదీసిన పద్యం, తెలంగాణను కోటి రత్నాలు పొదిగిన వీణగా చూసిన పద్యం. జైలు వాళ్లు చెరిపేస్తే మళ్లీ రాశారని, ఆళ్వారుస్వామి దాన్ని నోటికి పట్టి నిలబెట్టారని మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1949లో తొలి సంపుటి ‘అగ్నిధార’ వచ్చినప్పుడు దాశరథి దాన్ని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. జైల్లో పక్కన పడుకున్న మనిషి రుణం అలా తీర్చుకున్నారు.

ఆ గోడ మీద ఉన్నది తేటగీతి. నాలుగంటే నాలుగు పాదాలు. ఆల్బం ఆలోచనకు నాకు మూలం అదే. సినిమా పాటకు బాణీ ముందే బిగించి ఉంటుంది. ఏ రాజేశ్వరరావో, మహదేవనో ఒక వరస కట్టేశాక మాట ఆ వరసలోనే బతుకుతుంది. పద్యానికి ఆ బిగింపు లేదు. పద్యాన్ని నాటకంలో మోహనలో ఎత్తుకునేవాళ్లు మోహనలో ఎత్తుకుంటారు, కల్యాణి ఇష్టపడేవాళ్లు కల్యాణిలో పాడతారు. బళ్లో పంతులు గారు రాగమే లేకుండా గణాల ఊపు మీద చదివిస్తారు. ఎవరు పాడినా అసలు పాటే, ఎవరిదీ నకలు కాదు. అందుకే ఈ ఆల్బం ఆ పద్యంతో మొదలవ్వాలి, అదీ ఒకసారి కాదు. ఒకే పద్యాన్ని నలుగురు నాలుగు రకాలుగా పాడాలి. హార్మోనియం పక్కన పెట్టుకున్న నాటకాల పెద్దాయన ఒకరు, డప్పు మీద పాడే కుర్రాడు ఒకడు, కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్ల ఒకతె, ఏ వాద్యమూ లేకుండా పాడే ముసలమ్మ ఒకతె. ఈ నాలుగూ వరసగా వింటే దాశరథి మాటలో ఎంత బలం ఉందో ఏ వక్తా చెప్పక్కర్లేదు.

ఈ పద్యాన్ని మనం ఇప్పటికే చాలాసార్లు తిరిగి పాడుకున్నాం, ఆ సంగతి గుర్తించలేదంతే. దాశరథి దాన్ని రాసినప్పుడు కోపం నిజాం మీద. 1948 సెప్టెంబరు 17తో ఆ రాజ్యం పోయింది. తర్వాత ఆయన విశాలాంధ్రను కోరుకున్నారు, ‘మహాంధ్రోదయం’ రాశారు. ఆ తర్వాతి తరం వచ్చి అదే పద్యంలోని ఆఖరి పాదాన్ని ప్రత్యేక తెలంగాణ సభల్లో ఎత్తుకుంది. బ్యానర్ల మీద రాసుకుంది, ఉపన్యాసం మొదట్లో చదివింది, చివర్లో చదివింది. రాసిన మనిషి ఉద్దేశించిన శత్రువు వేరు, పాడిన జనం ముందున్న సమస్య వేరు. మాట మాత్రం రెండు కాలాలకూ సరిపోయింది. ఇందులో కవికి ద్రోహం జరిగిందనే వాళ్లున్నారు. నేనలా అనుకోను. పాట ఎవరి నోట్లో ఉంటే వాళ్ల బాధ పలకాలి. అలా పలకలేని పాటకు శతజయంతి దాకా బతికే యోగం ఉండదు.

రెండో దాశరథి

జైలు గోడ దాశరథి ఒకరైతే, రేడియోలో వినిపించే దాశరథి ఇంకొకరు. 1961లో ఆత్రేయ దర్శకుడిగా తీసిన ‘వాగ్దానం’తో ఆయన సినిమా పాటల్లోకి అడుగుపెట్టారు. పెండ్యాల బాణీలో ఘంటసాల, సుశీల పాడిన యుగళగీతం ఈనాటికీ పాత పాటల కచేరీల్లో తప్పకుండా ఉంటుంది. అదే ఏడు ‘ఇద్దరు మిత్రులు’ వచ్చింది. అందులోని హుషారు పాటకు పల్లవి ఉర్దూ మాటతోనే ఎత్తుకున్నారు. కోస్తా ప్రేక్షకుడు కూడా ఆ మాటను తన ఇంటి మాటలా పాడుకున్నాడు. నిజాం మీద నిప్పులు కురిపించిన మనిషికి నిజాం కాలపు ఉర్దూ మీద ఏ కోపమూ లేదని ఆ ఒక్క పల్లవి చాలు చెప్పడానికి. ఆ సంవత్సరమే ‘గాలిబ్ గీతాలు’ కూడా పుస్తకంగా వచ్చింది, బాపు బొమ్మలతో. అంటే ఒకే ఏడాదిలో సినిమా పాట, గాలిబ్ అనువాదం రెండూ ఆయన చేతి మీదుగా తెలుగువాళ్లకు అందాయి.

ఆ తర్వాత వరస చూడండి. 1964లో ‘మూగమనసులు’లో జమున మీద తీసిన గోదారి గట్టు పాట, సుశీల గొంతు, మహదేవన్ సంగీతం. 1966లో బి.ఎన్. రెడ్డి ‘రంగులరాట్నం’లో జానకి పాడిన పాట. అర్ధరాత్రి వేళ తిరుమల కొండ దిగి స్వామి ఎప్పుడొస్తాడోనని అమ్మవారితో చేసే మెత్తని సంభాషణ అది. పాలకుణ్ని పిశాచమని తిట్టిన కలమేనా ఇది అనిపిస్తుంది. సంస్కృతం చదువుకున్న శ్రీవైష్ణవ కుటుంబంలో పుట్టినవాడికి ఆ భక్తి ఎరువు తెచ్చుకున్నది కాదు, ఇంట్లో ఉన్నదే. 1969లో ‘ఆత్మీయులు’లో సుశీల పాట. 1973లో ‘కన్నెవయసు’లో సత్యం బాణీకి బాలు పాడిన పాట. 1975లో ‘పూజ’, రాజన్-నాగేంద్ర స్వరాలు, వాణీ జయరాం గొంతు. 1974లో ‘తిమిరంతో సమరం’ సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్న కవి, మరుసటి ఏడాది ‘పూజ’ పాటలతో కాలేజీ పిల్లల పెదాల మీద ఉన్నారు. రెండేళ్లకు, 1977లో, ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవి అయ్యారు.

మన పండితులు ఈ ఇద్దరు దాశరథులనూ వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టారు. సాహిత్య సభలో సినిమా పాట ఎత్తితే మొహాలు చిట్లుతాయి. సినిమా పాటల కచేరీలో ఖిల్లా జైలు సంగతి ఎవరికీ గుర్తు రాదు. ఆల్బం ఒకటి చేస్తే ఈ గోడ పడిపోతుంది. పద్యం పాడిన అమ్మాయే ‘రంగులరాట్నం’ పాట కూడా పాడాలి. డప్పు మీద పద్యం పాడిన కుర్రాడే ‘కన్నెవయసు’ పాట ఎత్తుకోవాలి. ఒకే గొంతులో ఇద్దరూ కలిస్తే వాళ్లు ఇద్దరు కాదని తెలుస్తుంది.

నకలు వేరు, పాడటం వేరు

బోధన్ రోడ్డు మీద పెళ్లిళ్ల సీజన్లో ఏ ఫంక్షన్ హాలు ముందు నిలబడినా ఆర్కెస్ట్రా వినిపిస్తుంది. ఒక కీబోర్డు, ఒక ప్యాడ్, ఇద్దరు ముగ్గురు గాయకులు. రిసెప్షన్లో కొత్త పాటలు అయ్యాక, భోజనాలు సద్దుమణిగే వేళ, పెద్దవాళ్లలో ఎవరో ఒకరు చీటీ పంపిస్తారు. ఆ చీటీలో తరచుగా ఉండేది ‘కన్నెవయసు’ పాటే. పాతికేళ్లు కూడా నిండని గాయకుడు మైకు సవరించుకుంటాడు. కీబోర్డు మనిషి ముందు బిట్ అందిస్తాడు. కుర్రాడు కళ్లు మూసుకుని ఎత్తుకుంటాడు. అచ్చం బాలు. బాలు ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడే ఊపిరి, ఎక్కడ గొంతులో చిన్న నవ్వు దొర్లించారో అక్కడే ఆ నవ్వు. పాట అయ్యాక చప్పట్లు, వంద రూపాయల నోటొకటి.

ఆ కుర్రాడి సాధన చిన్నది కాదు. అంత దగ్గరగా పట్టుకోవడానికి ఎన్ని రాత్రులు విన్నాడో. కానీ ఇక్కడే ఒక మాట చెప్పాలి. అతను పాడింది బాలును, దాశరథిని కాదు. పాటలో ప్రియురాలిని పారిజాతంతో పోల్చి ఆశ్చర్యపోయే మనిషి ఒకడున్నాడు. ఆ ఆశ్చర్యం ఈ కుర్రాడికి కలిగిందా, కలిగితే అతని గొంతులో ఎలా పలుకుతుంది అన్నది మనకు తెలియనే లేదు. టీవీ పోటీలు మనకు నేర్పింది ఇదే. అసలు పాటకు ఎంత దగ్గరగా ఉంటే అన్ని మార్కులు. గమకం తప్పితే తప్పు, సంగతి మారితే తప్పు. నేర్చుకునే దశలో ఆ క్రమశిక్షణ అవసరమే. నివాళి ఆల్బంకు మాత్రం అది సరిపోదు. బాలు పాడిన పాట బాలు పాడినట్టే వినాలంటే ఆ పాత రికార్డు ఉంది కదా, దానికి పోటీ ఎందుకు?

మళ్లీ పాడటమంటే మాటను మొదటిసారి చదివినట్టు చదివి, తన శ్రుతిలో, తన వేగంలో, తన ఊరి ఉచ్చారణలో పాడటం. ఉర్దూ వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. గాలిబ్ 1869లో పోయాడు. ఆయన గజళ్లకు ఆయనెప్పుడూ బాణీ కట్టలేదు. బేగం అఖ్తర్ ఒక రకంగా పాడింది, మెహదీ హసన్ ఇంకో రకంగా, 1988లో గుల్జార్ తీసిన దూరదర్శన్ సీరియల్ కోసం జగ్జీత్ సింగ్ మరో రకంగా. ఎవరి గాలిబ్ వాళ్లదే, ఒకరు ఇంకొకరిని అనుకరించారని ఎవరూ అనరు. గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చి, తెలుగులో గజల్ రాసిన తొలి కవుల్లో ఒకడైన దాశరథికి మనం కనీసం ఆ స్వేచ్ఛ ఇవ్వొద్దా?

బయటి దేశాల్లో ఇలాంటి ఆల్బంలు పాటకు కొత్త ఆయుష్షు పోశాయి. కెనడా కవి, పాటల రచయిత లెనర్డ్ కోహెన్ 1984లో ‘హాలెలూయా’ పాట పాడితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఆల్బంను అమెరికాలో విడుదల చేయడానికి ఆయన కంపెనీయే ఒప్పుకోలేదు. 1991లో ఫ్రాన్స్‌కు చెందిన ఒక సంగీత పత్రిక పూనుకుని, పలువురు గాయకులతో కోహెన్ పాటలు పాడించి ‘ఐయామ్ యువర్ ఫ్యాన్’ పేరుతో నివాళి ఆల్బం తెచ్చింది. అందులో జాన్ కేల్ ఒక్క పియానో మీద ఆ పాట పాడాడు. దాన్ని విన్న జెఫ్ బక్లీ అనే కుర్రాడు 1994లో తన ఆల్బంలో గిటార్ మీద పాడాడు. ఆ తర్వాతే అది ప్రపంచమంతా తిరిగింది. నివాళి కోసం పాడిన ఒక గొంతు నుంచి ఇంకో గొంతుకు వెళ్లి పాట బతికింది. మన దగ్గర లతా మంగేష్కర్ 1992లో ‘శ్రద్ధాంజలి’ తెచ్చి, సైగల్, రఫీ, కిశోర్ వంటి పెద్దల పాటలను తన గొంతుతో పాడింది. అంతటి గాయని ఇతరుల పాటలు మళ్లీ పాడటం తక్కువతనం అనుకోలేదు.

చెరుకు నేల మాటలు

బోధన్ ప్రాంతం గురించి బయటివాళ్లకు తెలిసింది చక్కెర ఫ్యాక్టరీ ఒక్కటే. 1931కి నిజాంసాగర్ పూర్తయింది. నీళ్లొచ్చాయి కాబట్టి చెరుకొచ్చింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి, 2015 డిసెంబరు 23న లేఆఫ్ నోటీసుతో మూతపడింది. చెరుకు కోతకు కటింగ్ ఆర్డర్ కోసం ఎదురుచూసిన రైతులు వరికి మళ్లారు. తెరిపించడానికి దారులు వెతకమని 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. ఆ కథ వేరే రాయాలి, ఇంకెంతో వివరంగా రాయాలి.

ఇక్కడ నాకు కావాల్సింది ఆ చెరుకు వెంట ఈ నేలకు చేరిన మాటలు. నీళ్లు చూసి గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులు వచ్చి బోధన్, వర్ని, కోటగిరి చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్నారు. ఇప్పటికీ ఊరి పేరు చివర క్యాంపు అనే ఉంటుంది. ఆ క్యాంపుల్లో తాతల కాలం కోస్తా యాస ఇంకా వినిపిస్తుంది. పక్క ఊళ్లో ఇందూరు తెలుగు. బోధన్ బజారులో ఉర్దూ. రెంజల్ దాటితే మరాఠీ. దాశరథి కలంలో ఉన్న భాషలన్నీ ఈ ఇరవై ముప్పై కిలోమీటర్ల పరిధిలో మనుషులుగా తిరుగుతున్నాయి. ఆయన పాటలను ఇన్ని నోళ్లతో పాడించడానికి ఇంతకంటే తగిన నేల నాకు తోచడం లేదు.

‘మూగమనసులు’ పాటే తీసుకోండి. దాన్ని వినగానే అందరి కళ్ల ముందూ రాజమండ్రి వైపు గోదారి మెదులుతుంది. సినిమా చూపించింది అదే కాబట్టి. రాసినవాడు మాత్రం తెలంగాణ మనిషి. అసలు గోదావరి తెలుగు నేల మీద మొదట అడుగుపెట్టేది మన రెంజల్ మండలం కందకుర్తిలోనే, మంజీర, హరిద్ర వచ్చి కలిసేచోట. అక్కడ గట్టు మీద కూర్చుని మన ఊళ్ల ఆడవాళ్లు ఆ పాట ఎత్తుకుంటే ఎలా ఉంటుంది? సుశీల పాటలో పరుగు, చిలిపితనం ఉన్నాయి. ఇక్కడి నది వెడల్పుగా, నెమ్మదిగా, ఎండాకాలంలో ఇసుక తేలి ఉంటుంది. ఆ నెమ్మదికి తగ్గట్టు పాట వేగం తగ్గించి పాడితే, మాటల అడుగున ఉన్న దిగులు పైకి వస్తుందని నా నమ్మకం. చెట్టు, పిట్ట అంటూ పైకి ఆటలా సాగే పాటలో, ఆ పిట్ట మనసులో ఏముందో ఎవరికి తెలుసన్న ప్రశ్న ఒకటుంది. వేగంలో అది జారిపోతుంది.

ఇంకొక గొంతు ఈ ఆల్బంలో ఉండి తీరాలి, బీడీలు చుట్టే అమ్మలది. ఆర్మూరు, బాల్కొండ వైపు నుంచి నిజామాబాద్ గల్లీల దాకా మధ్యాహ్నం ఏ అరుగు చూసినా నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన నానబెట్టి కత్తిరించిన తునికాకు. ఆకు మీద తంబాకు చల్లి, వేళ్లతో దొర్లించి, చివర మడిచి, దారం చుట్టి పడేయడం. చూపు చేతుల మీద కూడా ఉండదు. వేళ్లకు తెలుసు. నోరు, చెవులు ఖాళీ. అందుకే రేడియోకు, పాటకు వీళ్లంత నమ్మకమైన శ్రోతలు లేరు. నిజామాబాద్ ఆకాశవాణిలో పాత పాటల వేళ ఆ అరుగుల మీద చరణాలు కూడా తప్పకుండా పాడుతుంటారు. పల్లవి అందరికీ వస్తుంది, రెండో చరణం వచ్చేది నిజంగా ప్రేమించిన వాళ్లకే. వాళ్ల పాటకు ఒక లయ కూడా ఉంది, బీడీ దొర్లే లయ. స్టూడియోలో ఏ మెట్రోనోమూ ఆ లయ ఇవ్వలేదు. ‘ఆత్మీయులు’ పాట వాళ్లచేత, ఆ అరుగు మీదే, పని ఆపకుండా పాడించి రికార్డు చేయాలి. ఆకు చప్పుడు, కత్తెర చప్పుడు వినపడనివ్వాలి. శుభ్రం చేస్తామని వాటిని తీసేయకూడదు.

పేరు ఎవరిది?

పాటను మళ్లీ పాడేటప్పుడు మనం చేసే పెద్ద అన్యాయం రాసినవాడి పేరు పోగొట్టడం. తెలంగాణలో దీనికి ఉదాహరణ వెతకక్కర్లేదు. గౌతం ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన ‘మా భూమి’లో గద్దర్ గొంతెత్తి పాడిన బండి పాట తెలియనివాళ్లు లేరు. అది రాసింది సాయుధ పోరాటంలో పాల్గొన్న బండి యాదగిరి. అదే సినిమాలో సంధ్య పాడిన, పసులు కాసే పిల్లవాడి గురించిన పాట సుద్దాల హనుమంతుది. ఆ రెండు పాటలూ ముప్పై ఏళ్ల పాత పాటలు. సినిమాలో మళ్లీ పాడటం వల్లే కొత్త తరానికి చేరాయి. ఆ మేలు మేలే. అయినా ఈ రోజుకీ ఆ బండి పాట గద్దర్ రాశాడనే అనుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. గద్దర్ తాను రాశానని చెప్పుకోలేదు. మనమే కనుక్కోలేదు.

కవి అందెశ్రీ పాట సంగతీ చూశాం. ఉద్యమంలో ఊరూరా ఎవరి బాణీలో వాళ్లు పాడుకున్న పాటను 2024లో రాష్ట్ర గీతంగా తీసుకున్నారు. కీరవాణి సంగీతంతో రెండున్నర నిమిషాల గీతంగా ఒకటి, పదమూడున్నర నిమిషాల గీతంగా ఒకటి రికార్డు చేశారు. తెలంగాణ పాటకు తెలంగాణ సంగీతకారుడు దొరకలేదా అని అప్పుడు గట్టిగా గొడవ జరిగింది. ఆ గొడవలో నిజమైన బాధ ఉంది. ఎవరి పాటను ఎవరు ఎలా పాడాలన్నది జనానికి పట్టింపున్న విషయమేనని అది చూపించింది. 2025 నవంబరు 10న అందెశ్రీ పోయారు. ఆయన పాట ఇప్పుడు బడుల్లో కూడా వినిపిస్తుంది. పిల్లలకు ఆయన పేరు కూడా అంతే గట్టిగా నేర్పాలి.

చట్టం ఏమంటుంది?

ఊళ్లో ఇప్పుడు ఫోను, ఒక మైకు, ఇంట్లో పరుపులు అడ్డం పెట్టుకున్న గది ఉంటే కవర్ సాంగ్ తయారు. ఇంటర్నెట్‌లో పెట్టిన మర్నాడే కాపీరైట్ నోటీసు వస్తే బెంబేలెత్తిపోతున్నారు. తెలుసుకుంటే భయపడాల్సింది లేదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ హక్కు గట్టిపరిచింది ఆ సవరణే. దాని కోసం కవి జావేద్ అఖ్తర్ రాజ్యసభలో నిలబడి పోరాడారు. ఆ సవరణతోనే 31సి అనే సెక్షన్ వచ్చింది, కవర్ వెర్షన్ల కోసమే. మొదటి రికార్డింగు వచ్చిన సంవత్సరం ముగిశాక ఐదేళ్లు గడిస్తే, ఆ పాటను ఎవరైనా మళ్లీ పాడి రికార్డు చేయొచ్చు. ముందుగా హక్కుదారుకు నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి. మామూలుగా ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన కట్టాలని ఉంది. భాష, మాండలికం చిన్నవైతే ఆ కనీసాన్ని తగ్గించే వీలూ చట్టంలోనే పెట్టారు. ఇది కవర్ వెర్షన్ అని పైన రాయాలి. పాత గాయకుడి పేరుతో, ఫొటోతో కొనేవాణ్ని మోసపుచ్చకూడదు. సాంకేతికంగా అవసరమైన మార్పులు తప్ప పాటలో వేలు పెట్టకూడదు. వేగం, వాద్యాలు ఎంతవరకు మార్చాలో హక్కుదారుతో ముందే మాట్లాడి రాతపూర్వకంగా ఒప్పుకోవడం మేలు. ఇదంతా ఆడియోకు. వీడియో తీస్తే దానికి వేరే అనుమతి అడగాలి.

దాశరథి విషయానికొస్తే, మన చట్టంలో రచనకు రచయిత పోయాక 60 ఏళ్ల రక్షణ ఉంది. ఆయన 1987 నవంబరు 5న కన్నుమూశారు. కాబట్టి 2047 చివరిదాకా ఆయన మాట హక్కుల కిందే ఉంటుంది. రికార్డింగు లెక్క వేరు, విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. 1961 నాటి ‘వాగ్దానం’ రికార్డింగుకు ఆ గడువు 2021తో తీరింది. అందుకని ఆ పాటలోని సాహిత్యం కూడా ఉచితమైపోయిందని కొందరు పొరబడుతున్నారు. కాలేదు. ఆయన కుటుంబాన్ని, హక్కులున్న కంపెనీలను అడిగి, కట్టాల్సింది కట్టి చేయాలి. జైలుకెళ్లి రాసిన మనిషి పాటను దొంగచాటుగా పాడి నివాళి అనడం తగదు.

ఖర్చు? పెద్ద సినిమా పాట బడ్జెట్ అక్కర్లేదు. ఎనిమిది పది పాటలు, ఊళ్లోనే ఉన్న గాయకులు, ఒక మంచి సౌండ్ ఇంజినీరు, రెండు మూడు వారాల పని. గ్రంథాలయ సంస్థ, కాలేజీల తెలుగు శాఖలు, ఊరి వ్యాపారులు తలా కొంత వేసుకుంటే అయిపోతుంది. నిజామాబాద్ నుంచి వెళ్లి తెలుగు సినిమాలో పెద్ద నిర్మాతలైనవాళ్లు ఉన్నారు. ‘ఫిదా’ను బాన్సువాడ నేపథ్యంలో తీసి మన యాసను ఊరూరా వినిపించిన చరిత్ర వాళ్లకుంది. అడిగితే కాదనరనే అనుకుంటున్నాను. సాహిత్యం మొత్తం అచ్చువేసిన చిన్న పుస్తకం ఆల్బంతో పాటు ఇవ్వాలి. అందులో ప్రతి పాట కింద రచన దాశరథి అని, స్వరం ఎవరిదో ఆ పేరు, మొదట పాడిన వాళ్లెవరో ఆ పేరు, ఇప్పుడు పాడినవాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లతో సహా, ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి.

పాడినవాళ్లందరికీ డబ్బు ఇవ్వాలి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఎందుకంటే జానపద గాయకులను, పల్లె ఆడవాళ్లను పిలిచి, పాడించుకుని, శాలువా కప్పి పంపేయడం మన దగ్గర అలవాటైంది. అరుగు మీద కూర్చుని పాడిన బీడీ కార్మికురాలు ఆ పూట కూలి వదులుకుని పాడుతుంది. ఆ కూలి లెక్కగట్టి, దాని మీద గాయనిగా ఆమెకు రావాల్సింది వేసి, రికార్డింగు అయిన సాయంత్రమే చేతిలో పెట్టాలి. ఆల్బం మీద ఆదాయం వస్తే వాటా ఎంతో కాగితం మీద ముందే రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి.